ఉప్పుదిబ్బ వంతు

నోటు 411, మంగళవారం

మార్పు ఏమీ లేదు. పెద్దదిబ్బ పెట్టె మీద పేరుకున్న ఉప్పు తుడిచాను, నీటికాకుల రెట్ట గీకాను, సోలార్ ప్లేటు ఎండవైపు తిప్పి కట్టాను. మార్పు లేనప్పుడు నోటు రాయనక్కర్లేదు. కానీ ఈ రోజు ఒక మాట రాసి పెట్టుకోకపోతే నాకు తోచదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి ముందు చెప్తాను. నా పేరు మస్తానమ్మ. వయసు యాభై తొమ్మిది, మోకాళ్ల వయసు అంతకంటే ఎక్కువే. ఈ సరస్సులో దిబ్బల మీద ఉన్న పెట్టెలన్నీ చూసుకునేది నేను. కంపెనీలవాళ్లు పదకొండేళ్ల కిందట టవర్లు ఆపేసి వెళ్లిపోయారు. ఇక్కడ నీళ్లు పెరిగాయట, జనం తగ్గారట, గిట్టుబాటు కాదట. మేం మాత్రం ఫోన్లు పారేయలేదు. మా ఫోన్ల కబుర్లు ఒడ్డుకు చేరవేయడానికి దిబ్బకొక పెట్టె పెట్టుకున్నాం. ఎవరో పుణ్యాత్ములు రాసి లోకానికి వదిలేసిన ప్రోగ్రాం ఒకటి తెచ్చి మాకు తగినట్టు దిద్దుకున్నాం. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. షరతులు రెండే. దిద్దినవాళ్లు ఏం దిద్దారో, ఎందుకు దిద్దారో మామూలు తెలుగులో ఇక్కడ రాయాలి. ఆ మార్పు అన్ని పెట్టెల్లోకి ఎక్కాలంటే సభలో పైకి చదివి, దిబ్బకొక పెద్దమనిషి చొప్పున ఉన్న ఆరుగురు పెద్దకాపుల్లో నలుగురి చేత ఫోన్లో సరే అని నొక్కించాలి.

ఇప్పుడు అసలు మాట. ఒడ్డున ఆసుపత్రిలో ఉండే జయశీల సిస్టర్ నాకు కబురు పంపింది. కొత్తదిబ్బలో అంకమ్మ అనే పిల్ల ఎనిమిదో నెల గర్భిణి. బీపీ ఎక్కువగా ఉంది. ఆ పిల్ల చేతికి ఒక పట్టీ కట్టి పంపారు. అది అరగంటకోసారి బీపీ కొలిచి ఆసుపత్రికి పంపాలి. రోజుకు నలభై ఎనిమిది లెక్కలు రావాలి. నిన్న తొమ్మిది వచ్చాయట.

"నూట అరవై దాటితే నాకు తెలియాల మస్తానమ్మా. తెలిస్తే పడవ పంపిస్తాను. తెలియకపోతే గుర్రపువాతం కొట్టి ఫిట్సొచ్చేస్తాయి, తల్లీబిడ్డ ఇద్దరూ దక్కరు" అని రాసింది.

రేపు వెళ్లి చూస్తాను.

నోటు 412, బుధవారం

మార్పు లేదు. కొత్తదిబ్బ పెట్టె పరీక్షించాను. పెట్టెలో లోపం లేదు.

అంకమ్మ మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి, నొక్కితే సొట్ట పడుతోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. మొదటి బిడ్డ కడుపులోనే పోయిందట. వాళ్లాయన పెంచలయ్య పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. అత్త వెంగమ్మ నన్ను చూడగానే చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది, ఒక్క మాట మాట్లాడలేదు.

"మా ఇంటికి రా తల్లీ, మా దిబ్బ పెట్టెకి వంతు ఉంది" అన్నాను.

"పడవెక్కొద్దన్నారు పెద్దమ్మా. కుదుపు పడదంట. ఆసుపత్రోళ్లు మంచమేసిన పెద్ద పడవ పంపితేనే కదలమన్నారు" అంది అంకమ్మ.

పెట్టె బాగానే ఉంటే లెక్కలు ఎందుకు పోవడం లేదంటే, వంతు లేక. ఈ సరస్సులో వలలు వేసుకోవడానికి తాతల నాటి నుంచి వంతులున్నాయి. ఏ రోజు ఏ చోట ఎవరు వల వెయ్యాలో చీటీలు తీసి పంచుకుంటాం. గాలి కూడా అంతే. ఒడ్డుకు పోయే దారి ఒక్కటే, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా పోదు. అందుకని నిమిషాన్ని ఏడు వంతులు చేశాం, వంతుకు ఎనిమిది సెకన్లు. ఏడెనిమిదులు యాభై ఆరు. మిగిలిన నాలుగు సెకన్లు ఎవరికి పడితే వాళ్లకి. ఎవరైనా తమ వంతు వాడుకోకపోతే ఆ సెకన్లూ ఆ మిగులులోనే కలుస్తాయి.

కొత్తదిబ్బవాళ్లు వచ్చి రెండేళ్లయింది. సముద్రం వాళ్ల ఊరు చిన్నకుప్పాన్ని మింగేస్తే పంతొమ్మిది కుటుంబాలు పడవల్లో సామాన్లు వేసుకుని ఇక్కడికి చేరాయి. వాళ్లకి నీళ్లలో వంతు లేదు, గాలిలో వంతు లేదు. పంతొమ్మిది ఇళ్ల మాటలూ, అంకమ్మ బీపీ, అన్నీ ఆ నాలుగు సెకన్లలోనే తోసుకుంటూ పోవాలి.

అత్యవసరం అని గుర్తు పెట్టి పంపవచ్చు కదా అంటారేమో. ఒకప్పుడు ఆ గుర్తు ఉండేది. రొయ్య రేటు అత్యవసరం, అల్లుడి అలక అత్యవసరం, టిఫిన్‌లోకి చట్నీ ఏంటన్నది అత్యవసరం. చివరికి విసుగెత్తి సభే దాన్ని తీయించింది. తీసింది నేనే, నోటు 207 చూసుకోండి.

నోటు 413, శుక్రవారం

చదివిన మార్పు: వంతులు ఏడు నుంచి ఎనిమిది. వంతుకు ఏడు సెకన్లు. ఎనిమిదోది కొత్తదిబ్బకు.

ఫలితం: ఒప్పుకోలేదు.

పెద్దదిబ్బ పెద్దకాపు చెంగయ్య నాకు మరిది వరస. మంచివాడే, మొండివాడు. నేను చదివినంతసేపూ తల వంచుకుని విన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"వదినా, ఆ పిల్ల సంగతి వింటే నాకూ కడుపు తరుక్కుపోతాది. కానీ ఇయ్యాల గాలిలో వంతిస్తే రేపు నీళ్లలో అడగరా? పోయినేడు నా వంతులో నాలుగు బుట్టల చేప పడితే ఈ ఏడు రెండు బుట్టలు గూడా లేదు. కొత్తోళ్లకి యాణ్ణుంచి తెచ్చిచ్చేది?"

"ఆమె అడిగింది చేప కాదు చెంగయ్యా, ఏడు సెకన్లు" అన్నాను.

"వంతంటే వంతే వదినా. ఒక దాంట్లో చెయ్యి పెట్టినాక ఇంకోదాంట్లో పెట్టకుండా ఉంటారా?"

నలుగురు కావాల్సిన చోట ఒక్కరే నొక్కారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కోపంతో చాప దులిపి ఇంటికొచ్చేశాను. చెంగయ్య చెప్పింది అబద్ధం కాదు, అదే నాకు ఇంకా మంటగా ఉంది.

నోటు 414, శనివారం

మార్పు లేదు. ప్రోగ్రాం కాపీ ఒకటి ఇచ్చాను.

పెంచలయ్య పొద్దున్నే వచ్చాడు. ప్రోగ్రాం కావాలన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు, ఎవరైనా తీసుకోవచ్చని మేమే రాసుకున్నాం. ఏ పేజీ ఎక్కడుందో చూపించాను. వంతుల లెక్క ఏ వరుసలో ఉందో కూడా వేలు పెట్టి చూపించాను. అది అవసరం లేదు, అయినా చూపించాను. తెలిసే చేశానని ఇక్కడ రాస్తున్నాను.

నోటు 415, మంగళవారం

గోరుచుట్టు మీద రోకటిపోటు. పెంచలయ్య తన కాపీలో వంతులు ఎనిమిది చేసి కొత్తదిబ్బ పెట్టెలోకి ఎక్కించాడు. మా పెట్టెలు నిమిషాన్ని ఏడు చేసుకుంటున్నాయి, అతని పెట్టె ఎనిమిది చేసుకుంటోంది. ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. రెండు రోజులు ఎవరి కబురూ ఒడ్డుకు సరిగ్గా పోలేదు, ఒడ్డు నుంచి ఈదురుగాలి హెచ్చరిక రాలేదు. నిన్న మధ్యాహ్నం గాలి లేచినప్పుడు మూడు పడవలు సరస్సు మధ్యలో ఉన్నాయి. మనుషులు క్షేమంగా వచ్చారు, రెండు వలలు పోయాయి. అంకమ్మ లెక్కలు ఈ రెండు రోజుల్లో ఒడ్డుకు చేరినవి నాలుగే.

జనం కర్రలు పట్టుకుని బయల్దేరబోయేలోపే పెంచలయ్య తన పెట్టెలో పాత ప్రోగ్రాం తిరిగి ఎక్కించి, వలలు పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి తప్పయిందని చెప్పి, ఆ తర్వాత మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెడగొట్టాలని చెయ్యలా పెద్దమ్మా."

"తెలుసు. కాఫీ తాగు."

తాగాడు. గ్లాసు కింద పెట్టి అడిగాడు. "రెండ్రోజులు గాలినే వింటా కూర్చున్నా. వంతులు ఏడుండాయి, పెద్దకాపులు ఆరుగురే ఉండారు. ఆరు వంతుల్లో జనం మాట్లాడతా ఉండారు. ఏడో వంతులో ఎవురో నిమిషానికోసారి ఒకే మాట చెప్తా ఉండారు. 'ఉన్నాం' అని. ఎవురు పెద్దమ్మా వాళ్లు?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. గ్లాసు కడిగే వంకతో లోపలికి పోయాను. అతను అడిగిన దానికి జవాబు ఇక్కడ రాస్తాను.

ఏడో వంతు ఉప్పుదిబ్బది. ఉప్పుదిబ్బ నేను పుట్టిన ఊరు. ముప్పై ఒక్క ఇళ్లు. నాలుగేళ్ల కిందట మునిగింది, జనం తలోదిక్కూ పోయారు. ఇప్పుడు నీళ్లపైన కనిపించేది మంచినీళ్ల ట్యాంకు ఒక్కటే. ఊరు పోయిన నెలలో నేను ఒక పాత పెట్టె తీసుకెళ్లి ఆ ట్యాంకు మీద కట్టాను. నిమిషానికి ఒకసారి 'ఉన్నాం' అని పంపమని రాశాను. అలా పంపుతుంటే ఆ వంతు వాడుకలో ఉన్నట్టు లెక్క, మిగులులో కలవదు. ఫోన్లో సరస్సు పటం తెరిస్తే ఉప్పుదిబ్బ చోట పచ్చచుక్క వెలుగుతూ ఉంటుంది. దానికోసమే కట్టాను. నోటు రాయలేదు, సభలో చదవలేదు. పదకొండేళ్లలో నేను రాయని మార్పు అదొక్కటే.

అంకమ్మ అడిగింది ఏడు సెకన్లు. నేను ఎనిమిది సెకన్లు నీళ్లకు ఇస్తున్నాను. ఈ మాట శుక్రవారం సభలో నాకు తట్టలేదని రాస్తే అబద్ధం. తట్టింది. నోరు మూసుకున్నాను.

నోటు 416, బుధవారం

మార్పు లేదు.

ఒక ఉపాయం ఆలోచించుకుని కొత్తదిబ్బకు వెళ్లాను. వంతులు ఏడే ఉంటాయి, పేరు ఉప్పుదిబ్బే ఉంటుంది, అందులో ఉండేవాళ్లు మాత్రం కొత్తదిబ్బవాళ్లు. వరసలు కలుపుకుంటే సరి, మీరంతా ఇక ఉప్పుదిబ్బవాళ్లే, నా పుట్టింటివాళ్లు. చెంగయ్య కాదనలేడు, నా చుక్కా ఆరిపోదు. దారిపొడవునా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ట్యాంకు మీది పెట్టె సంగతి, చుక్క సంగతి, నా ఉపాయం, అన్నీ చెప్పాను. వెంగమ్మ సంతోషించింది, పెంచలయ్య సరేనన్నాడు. అంకమ్మ మాత్రం చేతికున్న పట్టీ సవరించుకుంటూ ఉంది. అప్పుడు బీపీ నూట యాభై ఆరు ఉంది.

"పుట్టింటోళ్లమని పిలిచినావు, అది చాలు పెద్దమ్మా. వంతియ్యకపోయినా నిన్నేమీ అనను. కానీ మాది చిన్నకుప్పం" అంది. మళ్లీ తనే అంది. "మా ఊరు గూడా మునిగిందే గదా. మీ ఊరికి నువ్వు చుక్క పెట్టినావు. మా ఊరికి ఎవురూ పెట్టలా."

పెంచలయ్య అంకమ్మను కసురుకోబోయాడు. వద్దని చెయ్యి చూపించాను. ఊరు పోయిన బాధ నాకొక్కదానికే వచ్చినట్టు నాలుగేళ్లుగా తిరిగాను, సిగ్గేసింది.

నోటు 417, గురువారం

చదివిన మార్పు: వంతుల జాబితా ఏడో వరుసలో ఉప్పుదిబ్బ అనే పేరు తీసేసి, చిన్నకుప్పం అని రాయడం.

సభ ఎప్పుడూ శుక్రవారమే. నేనే బతిమాలి ఒక రోజు ముందుకు జరిపించాను. మార్పు చదివే ముందు ట్యాంకు మీది పెట్టె సంగతి చెప్పాను. ఎప్పుడు కట్టానో, ఎందుకు నోటు రాయలేదో అంతా చెప్పాను. ఇక పెట్టెలు చూసే పని నాకు వద్దంటే తాళాలు ఇచ్చేస్తానని కూడా అన్నాను. తాళాల గుత్తి తీసి చాప మీద పెట్టాను.

చెంగయ్య ఆ తాళాలు మళ్లీ నా వైపే జరిపాడు.

"మాకందరికీ తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"నువ్వు నెలకోసారి పడవేసుకుని యాడికి పోతావో తెలుసు. ఆ పెట్టె వంతు తింటా ఉండాదనీ తెలుసు. మీ ఊరి ఆడబిడ్డలు పద్నాలుగు మంది మా దిబ్బల్లో కాపురాలు చేస్తా ఉండారు. పొయ్యి ముట్టించే ముందు నా పెళ్లాం ఫోన్ తీసి ఆ చుక్క చూసుకుంటాది. ఎనిమిది సెకన్లే గదా, పోనీలే అనుకున్నాం. ఎత్తితే నీ మనసు నొచ్చుకుంటాదని ఎవురూ ఎత్తలా."

నాలుగేళ్లు నేను దాచిపెట్టాననుకున్నది ఊరంతా నాకోసం దాచిపెట్టింది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. పోయిన శుక్రవారం అంకమ్మ సంగతి చదివినప్పుడు కూడా వాళ్లు ఆ వంతు మాట ఎత్తలేదు, నా మొహం చూసి. మేమందరం ఒకరి మీద ఒకరం చూపించుకున్న ఆ దయ ఖర్చంతా మంచం మీదున్న ఆ పిల్ల కట్టింది.

చెంగయ్య పెళ్లాం రాజమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచింది. అది నాకు తోడికోడలు, ఉప్పుదిబ్బలో మా వెనక ఇంటి పిల్ల.

"తీసెయ్ అక్కా. ఊరు పోయినా మనకి అత్తారి ఊరన్నా ఉండాది. వాళ్లకి అదీ లేదు" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏందట్టా చూస్తుండావు? నొక్కు."

చెంగయ్య నొక్కాడు. "నీళ్లలో వంతు సంగతి వేరే. దానికి నేను ఒప్పుకోలేదని రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. ఆరుగురూ నొక్కారు. నీళ్ల సంగతి మీద నేను మళ్లీ పోట్లాడతాను, అది కూడా రాసుకుంటున్నాను.

నోటు 418, శుక్రవారం

మార్పు ఎక్కించాను, మధ్యాహ్నం మూడు గంటలకు. ఆరు దిబ్బలూ, కొత్తదిబ్బా తీసుకున్నాయి. ట్యాంకు మీది పెట్టె తీసుకోలేదు. దాని వినే భాగం ఉప్పు తిని ఎప్పుడో పోయింది, మాట్లాడటం ఒక్కటే వచ్చు. అది అదే వంతులో 'ఉన్నాం' అంటూ ఉంటే చిన్నకుప్పం మాట దాని కింద పడి నలిగిపోతోంది. ఎవరో వెళ్లి చేత్తో ఆపాలి.

పెంచలయ్య పడవలో తీసుకెళ్లాడు. ట్యాంకు నిచ్చెన తుప్పు పట్టింది. తను ఎక్కుతానన్నాడు. వద్దు, నేనే ఎక్కాలన్నాను. ఇరవై రెండు మెట్లు, మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కాను. పైనుంచి చూస్తే నీళ్లలో మా బడి గోడ నీడలా కనిపించింది. ఎక్కువసేపు చూడలేదు. తీగ పీకేశాను.

ఫోన్లో పచ్చచుక్క మూడు నిమిషాలు ఉండి ఆరిపోయింది. మా అమ్మ పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ పక్కనే, కొత్తదిబ్బ చోట, చుక్క వెలిగి కింద చిన్నకుప్పం అని పడింది.

ఆ వంతులో ముందు పోయిన కబురు అంకమ్మ చేతిపట్టీది. పెట్టెలన్నిటి మీద ఏం పోతోందో నా ఫోన్లో కనిపిస్తుంది. బీపీ పైది నూట డెబ్బై రెండు, కిందిది నూట పద్నాలుగు.

పెంచలయ్యకు చెప్పాను. అతను ఇంజన్ తాడు పట్టుకుని లాగలేక నిలబడిపోయాడు. రోజూ ఊరందరి ఇంజన్లూ బాగుచేసే మనిషి.

"లాగు నాయనా, నేనుండానుగా" అన్నాను. లాగాడు.

రెండో నిమిషంలో జయశీల సిస్టర్ జవాబు వచ్చింది. "పడవ బయల్దేరింది. ఎడమ పక్కకే పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయొద్దు." మేం కొత్తదిబ్బ చేరేసరికి వెంగమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అంకమ్మ కళ్ల ముందు మెరుపులు వస్తున్నాయంటోంది. ఆసుపత్రి పడవ నలభై నిమిషాలకు వచ్చింది. పెంచలయ్య, వెంగమ్మ ఆ పిల్లతో వెళ్లారు. నేను దిబ్బ అంచునే నిలబడిపోయాను.

నోటు 420, సోమవారం

మార్పు లేదు. 419లో పాత పెట్టె తీసిన వివరాలు ఉన్నాయి, చదవకపోయినా పర్వాలేదు.

అంకమ్మకు శుక్రవారం రాత్రే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందలు. గాజుపెట్టెలో పెట్టారు, పాలు తాగుతోంది. అంకమ్మకు దారిలో ఒకసారి వాతం వచ్చిందట, మందు ఇచ్చి ఆపారట. ఇంకో గంట ఆలస్యమైతే మాట వేరే అని సిస్టర్ రాసింది.

ఈ రోజు వెంగమ్మ గొంతు మొదటిసారి సరిగ్గా విన్నాను. ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపింది, గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. పుట్టిన కాగితం రాయించడానికి ఆసుపత్రి గుమస్తా దగ్గరికి వెళ్లిందట. ఊరు పేరు అడిగితే చిన్నకుప్పం అందట. అతను తన జాబితాలో వెతికాడట.

"అట్టాంటి ఊరు లేదు, అది సముద్రంలో పోయింది, లేని ఊరు రాయడానికి కుదరదు, పెద్దదిబ్బ అని రాసుకో అన్నాడు మస్తానమ్మా. నేను చేతులు కట్టుకుని నిలబడిపోయినాను. అప్పుడా సిస్టరమ్మ వచ్చి తన ఫోను తీసి ఆయన మొహం ముందు పెట్టింది. 'ఈ ఊరి నుంచి ఈ పొద్దు నాకు పన్నెండు కబుర్లొచ్చినాయి. లేని ఊరు యాణ్ణుంచి మాట్లాడతాది? రాయండి' అనింది. రాసినాడు."

ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపింది. ఫొటోలు పంపవద్దని నేనే వందసార్లు అరిచి ఉంటాను, వంతులన్నీ తినేస్తాయని. ఇది ముక్కలు ముక్కలుగా పదకొండు నిమిషాలు వచ్చింది. ఆసుపత్రి పేరు వచ్చింది, తల్లి పేరు వచ్చింది, తండ్రి పేరు వచ్చింది, బరువు వచ్చింది. ఉప్పుదిబ్బ పేరు ఇక ఏ కాగితం మీదా పడదు.

చెంగయ్య గోడ అవతల నుంచి గొణిగాడు, తన కబురు పోవడం లేదని. రాజమ్మ అతన్ని నోరు మూసుకోమని చెప్పి, వచ్చి నా పక్కన కూర్చుంది. చివరి ముక్క వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు. ఊరు: చిన్నకుప్పం.